సారు నేర్పిన విశేషణం

గాలి వీస్తే నాకు భయం లేదు. గాలి ఆగితే భయం. నెల్లూరులో మా వీధిలో కరెంటు పోయి, తల మీద ఫ్యాను రెక్కలు నెమ్మదించి నిలబడిపోతే, ఈ వయసులో కూడా నా చెయ్యి దానంతట అదే కిటికీ ఊచ కోసం వెతుకుతుంది. దీని మీద కరెంటాఫీసుకు చాలా అర్జీలు పెట్టాను. అక్కడి గుమాస్తా ఒకసారి "మీకు ఉక్కపోత ఎక్కువనుకుంటా అమ్మా" అని పక్కవాడి వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు నేను మరచిపోలేదు. అది ఉక్కపోత కాదని అతనికి చెప్పనూ లేదు.

ఈ మధ్య నా ఫోనుకు ఒక కార్డు వచ్చింది. హైస్కూల్లో మాకు ఇంగ్లీషు చెప్పిన సారుకు పాత విద్యార్థులంతా కలిసి సన్మానం చేస్తున్నారట. సారు ఫోటో చుట్టూ బంగారు రంగు పూలు, కింద పెద్ద అక్షరాలతో 'లెజెండరీ టీచర్'. కార్డు పంపినవాడు నాతో చదువుకున్నవాడే. చిన్నప్పుడు నాకు ఆ మాటనే మారుపేరుగా పెట్టి బడంతా పిలిపించినవాడు. వెంటనే ఫోను చేశాను.

"ఆ మాట తీసేయించు" అన్నాను.

"ఏ మాట?"

"లెజెండరీ."

"అదేందమ్మే, గొప్పగా ఉండాది గదా!"

"సారు మనకేం నేర్పినాడు? లెజెండరీ అంటే జనం చెప్పుకునేదేగానీ ఉన్నట్టు రుజువు లేనిది. సారు ఉండాడు గదా. నెలనెలా పించను తీసుకుంటుండాడు గదా."

వాడు పడిపడి నవ్వాడు. "నువ్వు మారలేదమ్మే. ఇప్పుడు ఎవురు గొప్పోడైతే వాడు లెజెండరీ. మా వీధి చివర బిర్యానీ గూడా లెజెండరీనే, బోర్డు మీద రాసుండాడు. సరేగానీ, ఆరోజు నువ్వు రెండు మాటలు మాట్లాడాల. ఆ తుఫాను సంగతి. సారును పోవద్దని నువ్వు అరిచిన సంగతి. అందరూ దానికోసమే వస్తుండారు."

సరేనని కూడా అనకుండా ఫోను పెట్టేశాను.

మా ఊరు కాలవకూ సముద్రానికీ మధ్య ఇసుక దిబ్బల మీద ఉండేది. ఇప్పుడు ఆ దిబ్బలు లేవు, రొయ్యల గుంటలున్నాయి. అప్పట్లో కాలవకు పడమర మాకు కాస్త మాగాణి, ఇటువైపు ఇసుకలో వేరుశనగ. ఇంటి వెనక సరుగుడు తోట. ఆ ఆకు రాలితే అవ్వ ఊడ్చి పొయ్యిలోకి దాచేది. సరుగుడాకు పొగ, ఎండుచేపల వాసన, ఉడుకుతున్న తేగల వాసన, ఈ మూడూ కలిస్తే కార్తీకం వచ్చిందని అర్థం. కార్తీకమంటే మాకు దీపాల కంటే ముందు తాడు గుర్తుకొచ్చేది.

ప్రతి ఇంట్లో దూలానికి ఒక తుఫాను తాడు వేలాడేది. తాటినారతో పేనింది. వానలు మొదలయ్యే ముందు దాన్ని దించి, ఉప్పునీళ్ళలో నానబెట్టి, ఇద్దరు మగవాళ్ళు చెరో కొస పట్టుకొని లాగి చూసేవారు. తుఫాను వస్తే పిల్లల నడుములకు ఆ తాడు చుట్టి స్తంభానికి కట్టేవారు. కట్టేది ఎవరైనా సరే, విప్పేది మాత్రం ఇంటి పెద్దామెనే. మా ఇంట్లో అవ్వ, అంటే మా నాయనకు అమ్మ. గాలి ఆగినా ఆమె విప్పదు. ఎదురు దిక్కు నుంచి మారుగాలి వచ్చి అది కూడా ఆగిన తర్వాతే విప్పుతుంది.

ఎందుకని అడిగితే తేగ ఒలిచి చేతిలో పెట్టి చెప్పేది.

"సముద్రంలో ఒక అమ్మ ఉండాది పాపా. ఆమె బిడ్డ ఎవురి వలలోనో చిక్కుకొని గట్టుకొచ్చేసింది. ఆ బిడ్డకోసం అప్పుడప్పుడు ఊళ్ళ మీదికొస్తాది. జుట్టు విరబోసుకొని ఉత్తరంవైపు నించి వచ్చి తలుపు తలుపూ బాదతాది. దొరక్కపోతే అలిసిపోయి ఊరి నడిమధ్యన కూర్చుంటాది. ఆమె కూర్చున్నకాడ గాలుండదు, వానుండదు. పైన నీలంగా ఆకాశం గూడా కనపడతాది. ఎర్రిజనం పోయిందనుకొని తలుపు తీస్తారు. తెరిచిన తలుపు చూసిందా, నా బిడ్డను దాచింది ఈళ్ళేనని లేస్తాది. ఈసారి దక్షిణం నించి వస్తాది. మొదటిసారి ఎతుక్కునేదానికి వస్తాది పాపా. రెండోసారి ఎతకదు."

ఆ చివరి మాట దగ్గర నేను అవ్వ కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని. నాకు ఆ కథ నమ్మకం కాదు, భయం. నమ్మకాన్ని ఎవరైనా వాదించి తీసేయొచ్చు. భయాన్ని తీసేయలేరు.

సారు విడవలూరు వైపు నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. వారమంతా ఊళ్ళోనే ఒక గదిలో ఉండి, శనివారం ఒంటిపూట బడి కాగానే ఇంటికి వెళ్ళిపోయేవాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో ఎర్ర పెన్ను. జవాబు బాగుంటే "కరెక్ట్" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం మేం చచ్చేవాళ్ళం.

ఒకరోజు పాఠంలో ఆ విశేషణం వచ్చింది. బోర్డు మీద రాసి అర్థం చెప్పాడు: పాతకాలం నుంచి జనం చెప్పుకునే కథలకు సంబంధించినది. నామవాచకానికి ముందు వస్తుంది. లెజెండరీ రాజు, లెజెండరీ పక్షి. "మీకు తెలిసిన ఉదాహరణ ఎవరైనా చెప్పండి" అన్నాడు.

నేను చెయ్యెత్తాను. నిలబడి, సముద్రంలోని అమ్మ కథ మొత్తం తెలుగులో చెప్పాను. కరెక్ట్ అంటాడనుకున్నాను. ఆయన నవ్వాడు.

"మంచి ఉదాహరణ. లెజెండరీ సీ మదర్. ఇప్పుడు చెప్పండి, ఈమెను చూసినవాళ్ళున్నారా? లేరు. రుజువుందా? లేదు. లెజెండరీ అంటే అదే. రుజువు లేనిదాన్ని పట్టుకొని వణికేవాళ్ళను ఏమంటారు?"

"మూర్ఖులు సార్!" అంది తరగతంతా. అందరికంటే గట్టిగా అన్నది ఇప్పుడు కార్డు పంపినవాడే.

"నేను మూర్ఖురాల్ని కాను సార్" అన్నాను. ఎదురు చెప్పానని, అది లెజెండరీ మాత్రమేనని ఇంగ్లీషులో వంద సార్లు రాసుకు రమ్మన్నాడు. రాశాను. అక్షరం వంకర పోకుండా రాశాను. మర్నాటి నుంచి నా పేరు లెజెండరీ అయిపోయింది.

అంతటితో అయిపోయినా నేను ఓర్చుకునేదాన్నేమో. తర్వాతి వారం అవ్వ ఒక కట్ట తేగలు పట్టుకొని బడికి వచ్చింది. గడప బయటే నిలబడి, "మా పాపకు బాగా చెప్తుండారంట సారూ, తీసుకోండి" అంది. సారు తీసుకున్నాడు. తీసుకుంటూ మా వైపు కన్నుగీటి, "ఏం అవ్వా, మీ సముద్రంలో అమ్మ మళ్ళీ ఎప్పుడొస్తుందంట?" అని అడిగాడు. పిల్లలు నోళ్ళకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. అవ్వకు ఎగతాళి తెలియలేదు. "ఈ కార్తీకం దాటితే భయం లేదు సారూ. మీరు మాత్రం జాగర్త, మీది కొత్త ప్రాణం" అని ఎంతో మన్ననగా చెప్పింది. తరగతి గొల్లుమంది. వాళ్ళెందుకు నవ్వుతున్నారో తెలియక అవ్వ కూడా నవ్వింది.

అవ్వతో అలా నవ్వించినందుకు సారును నేను క్షమించలేదు.

ఆ శనివారం పొద్దున చినుకులు పడుతున్నాయి. రేడియోలో వాయుగుండం అన్నారుగానీ, కార్తీకంలో రేడియో ఎప్పుడూ అదే అంటుంది. బడి పక్కన సైకిళ్ళకని తాటి దూలాలతో వేసిన కొట్టం ఉండేది. ప్రార్థన గంట కొట్టినప్పుడు నేను నీళ్ళకని వెళ్ళి, సారు సైకిల్ వెనక చక్రం వాల్‌ట్యూబు పీకి, పావడ కుచ్చెళ్ళ దగ్గర ముడి వేసుకున్నాను. గాలి బుస్సుమని పోయింది. విడవలూరు దాకా నడిచిపోవాలని, ఇసుకలో ఇస్త్రీ చొక్కా చెమటతో తడవాలని, అంతే నా కోరిక.

మధ్యాహ్నం కాకముందే గాలి లేచింది, ఆయన నడిచి పోగలిగిన గాలి కాదు అది. ఊళ్ళో స్లాబు ఉన్నది బడికి ఒక్కదానికే. జనమంతా పిల్లలతో, కోళ్ళతో, సద్దిమూటలతో, తుఫాను తాళ్ళతో బడికి చేరారు. పెద్దగదిలో మేమందరం. ఆ చివరనున్న చిన్న ఆఫీసు గదిలో సారు ఒక్కడే, తడిసిపోతాయని రిజిస్టర్లన్నీ బల్ల మీదికి ఎత్తుకుంటూ. ఆ గది తలుపు వరండాలోకి తెరుచుకుంటుంది. వరండా పక్కనున్న కిటికీకే అవ్వ నన్నూ నా ఇద్దరు తమ్ముళ్ళనూ తాడుతో కట్టింది.

ఆ గాలి శబ్దాన్ని ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. మొదట ఏడుపులా ఉంది. తర్వాత ఎవరో తలుపులు బాదుతున్నట్టు. ఉత్తరంవైపు తలుపుకు పదిమంది మగవాళ్ళు వీపులు ఆనించి కూర్చున్నారు. వెనక సరుగుళ్ళు ఒక్కొక్కటే ఫెళ్ళుమని విరుగుతుంటే లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో మానేశాను. తడిసిన కోళ్ళ వాసన, కిరసనాయిలు వాసన, చిన్న తమ్ముడు తడిపేసుకున్న నిక్కరు వాసన. వాడు నా చెవిలో "అక్కా, ఆమె బిడ్డను ఇచ్చేస్తే పోతాది గదా?" అన్నాడు. వాడి నోరు చేత్తో మూశాను. పావడ ముడిలో ఆ రబ్బరు ముక్క తొడకు తగిలినప్పుడల్లా ఆ సముద్రంలో అమ్మ నాకోసమే వచ్చిందనిపించేది.

తర్వాత ఆగిపోయింది.

ఒక్కసారిగా కాదు. చెయ్యెత్తి కొడుతున్న మనిషి అలిసిపోయి దించినట్టు. చూరు నుంచి నీళ్ళు కారే చప్పుడు వినిపించింది. ఎక్కడో ఒక కాకి. కిటికీలోంచి చూస్తే పైన గుండ్రంగా, నీలంగా ఆకాశం. అవ్వ చెప్పిన నీలమే. గదిలో ఎవరూ కదల్లేదు. గది అవతలి మూల నుంచి అవ్వ గుసగుసగా "ఎవురూ లేవబాకండి, కూర్చోనుంది" అంటోంది. తలుపుకానుకున్న మగవాళ్ళు లేచి దక్షిణంవైపు తలుపు దగ్గరికి పాకుతున్నారు.

ఆఫీసు గది తలుపు కిర్రుమంది. సారు వరండాలోకి వచ్చాడు. జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది. అప్పుడే నిద్రలేచిన పిల్లవాడిలా ఆకాశంలోకి చూశాడు. నా కిటికీ ముందు ఆగాడు.

"ఏమ్మా, మీ అమ్మ పోయినట్టేనా?" అన్నాడు.

ఆ గొంతులో ఎగతాళి ఉందో లేదో ఇన్నేళ్ళుగా తేల్చుకోలేకపోయాను. లేదనే అనుకుంటున్నాను. నిజంగానే అడిగాడనుకుంటున్నాను. ఆ బడిలో ఆ మాట అడగడానికి ఆయనకు నేనే దొరికాను.

నాకు జవాబు తెలుసు. నాలుక చివరే ఉంది. కానీ దానికంటే ముందు, గడప బయట నిలబడి నవ్విన అవ్వ గుర్తుకొచ్చింది.

"అది లెజెండరీ గదా సార్" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నన్ను చూశాడు. చిన్నగా నవ్వి, "కరెక్ట్" అన్నాడు. వరండా దిగి కొట్టం వైపు నడిచాడు.

మహా ఉంటే ఇరవై అడుగులు. ఆయన బురదలో కాళ్ళు ఎత్తి ఎత్తి వేస్తూ వెళ్ళినంతసేపూ నేను పిలవొచ్చు. పిలవలేదు. కొట్టంలో వంగి వెనక చక్రం తడిమాడు. వాల్‌ట్యూబు ఉండాల్సిన చోట వేలు పెట్టి, అలాగే వంగి ఉండిపోయాడు. అప్పుడు దక్షిణంవైపు నుంచి ఒక మూలుగు మొదలైంది. తాటిచెట్ల తలలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి. ఆయన తలెత్తాడు.

అప్పుడు అరిచాను. "సార్! పోబాకండి సార్!"

గదిలో అందరికీ వినిపించింది. ఆయనకు వినిపించలేదు. కొట్టం కప్పు లేచిపోయింది. దాని తాటి దూలం ఆయన కాలి మీద పడింది.

అవ్వ జనం మీదుగా పాకుతూ నా దగ్గరికి వచ్చింది. కిటికీలోంచి చూసింది. నా నడుము దగ్గర ముడి విప్పడం మొదలుపెట్టింది. మారుగాలి వీస్తుండగా ఏ ఇంటి అవ్వా తాడు విప్పగా నేను చూడలేదు. "విప్పబాక అవ్వా, విప్పబాక" అని ఆమె చేతులు పట్టుకున్నాను.

"వదలవే! మనకు ఊచుండాది, ఆయనకేముండాది? తమ్ముళ్ళను పట్టుకో" అంది.

ఆ తాడు నాయన నడుముకు కట్టారు. నలుగురు రెండో కొస పట్టుకున్నారు. నాయన బోర్లా పడుకొని వరండా మెట్లు దిగాడు. వాన గోడలా అడ్డం పడటంతో కనిపించకుండా పోయాడు. నేను కిటికీ ఊచను పట్టుకొని, ఇద్దరు తమ్ముళ్ళను మోకాళ్ళ మధ్య ఇరికించుకొని, తాడునే చూస్తూ ఉండిపోయాను. అది బిగుసుకునేది. వదులయ్యేది. వదులు తాడు కొసన మనిషి ఉన్నాడో లేడో ఎవరికి తెలుసు? నేను అన్న ఒక్క మాటకు సారు పోతాడు, నాయనా పోతాడు. నా పావడ ముడిలోది ఎవరో ఒకరు చూస్తారు. అమ్మా, నన్ను తీసుకొని పో, నాయనను వదిలెయ్ అని మొక్కుకున్నాను. నిజంగానే తీసుకుపోతుందేమోనని ఊచను ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

తాడు బిగుసుకుంది. బిగుసుకొనే ఉంది. నలుగురూ లాగారు. నాయన వచ్చాడు, సారును చంకల కింద పట్టుకొని ఈడ్చుకుంటూ.

నెల్లూరు ఆసుపత్రిలో సారు ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. మర్నాడే వాల్‌ట్యూబును సరుగుడు మోడు కింద పాతిపెట్టాను. కొన్నాళ్ళకు అవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "పాపా, నువ్వు అరిచింది ఆయన దిగకముందా, దిగినాకా?" అని అడిగింది.

"ముందే" అన్నాను.

అవ్వ ఆ తర్వాత ఎప్పుడూ ఆ కథ నాకు చెప్పలేదు.

మరుసటి ఏడు సారు చంకకర్రతో తిరిగొచ్చాడు. మొదటి రోజే తరగతిలో నిలబడి, "ఆరోజు ఒక పాప పోవద్దు సార్ అని అరిచింది. నేను వినలేదు. తెలియనిదాన్ని చూసి నవ్వకండి" అన్నాడు. అందరూ నావైపు చూశారు. సారు చూడలేదు. నేను లేచి నిజం చెప్పి ఉండాల్సింది. లేవలేదు. ఆ రోజు నుంచి నన్ను మారుపేరుతో ఎవరూ పిలవలేదు. ఆయన మాత్రం ఉద్యోగం అయిపోయేదాకా ప్రతి తరగతికీ ఆ పాప కథ చెప్పాడట. నేను ఎప్పుడూ చూడని పిల్లలు, వాళ్ళ పిల్లలు కూడా ఆ పాపను ఎరుగుదురు. జనం చెప్పుకునేదే, ఉన్నట్టు రుజువు లేదు. నాకు జరిగిన అన్యాయాలన్నీ ఏకరువు పెట్టే నేను ఆ ఒక్క విషయంలో ఎవరికీ ఫిర్యాదు చేయలేదు.

సన్మానానికి వెళ్ళాను. ఫ్లెక్సీలో ఆ మాట అలాగే ఉంది. సారు చిక్కిపోయి, కుర్చీలో శాలువా కింద కనిపించీ కనిపించనట్టున్నాడు. నాతో చదివినవాడు మైకులో నా గురించి చెప్పి, సభంతా చప్పట్లు కొడుతుండగా నన్ను పిలిచాడు. నేను వేదిక ఎక్కి సారు కుర్చీ పక్కనున్న మైకు ముందు నిలబడ్డాను. "సార్" అన్నాను.

కరెంటు పోయింది.

హాల్లో ఫ్యానులన్నీ నెమ్మదించి నిలబడిపోయాయి. చప్పుళ్ళు ఆగిపోయాయి. నా చెయ్యి ఊచ కోసం వెతికి, సారు కుర్చీ చేతిని పట్టుకుంది. పక్కన కదలిక. సారు చంకకర్ర అందుకొని లేవబోతున్నాడు.

"ఏమ్మా, మీ అమ్మ పోయినట్టేనా?" అన్నాడు, నాకు మాత్రమే వినపడేట్టు.

"లేదు సార్" అన్నాను. "కూర్చోనుంది. లేవబాకండి."

ఆయన మళ్ళీ కూర్చున్నాడు. నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"ఆరోజు నేను ఈ మాట చెప్పలేదు సార్."

"కరెక్ట్" అన్నాడు.

బయట జనరేటరు మొదలైంది. రెక్కలు కదిలాయి. మైకు గుర్రుమంది. అందరూ పోవద్దని అరిచిన పాప కథ కోసం ఎదురుచూస్తున్నారు. సారు నా చెయ్యి వదల్లేదు.

నేను వాల్‌ట్యూబుతో మొదలుపెట్టాను.